నాలుగు వందల పదిహేడో బిళ్ళ

తీతు బాబాయికి సూదంటే భయం. ఆ ఒక్క భయం లేకపోయి ఉంటే ఆయన గురించి రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

బెంగాలులోని మా ఊళ్ళో ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. న్యూ సెటిల్‌మెంట్‌లో మా వెనక క్వార్టరు. భార్య సూసన్న, ఇద్దరు ఆడపిల్లలు, ఒక సైకిలు, పెరట్లో మునగచెట్టు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. వాళ్ళ తాత కాకినాడ వైపు నుంచి వచ్చి ఇంజన్లలో బొగ్గు వేసే పనిలో చేరాడు. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ ఒకే సైరనుకి లేచారు. మా ఊళ్ళో మనిషి చరిత్ర సాధారణంగా అంతకంటే పొడుగుండదు. నేను ఆ సైరనుకి లేవకూడదనుకున్నాను. పదో తరగతి తప్పాక పాత ఇంగ్లీషు పేపర్లూ అట్టలు ఊడిన పుస్తకాలూ దొరికినవన్నీ చదివాను. ఆ చదువు చివరికి ఇరుగుపొరుగు వాళ్ళ ఉత్తరాలు చదివి పెట్టడానికి పనికొచ్చింది.

ముందు బిళ్ళల సంగతి చెప్పాలి. వర్క్‌షాపు గేటు లోపల టైమాఫీసులో గోడంత చెక్కబోర్డు ఉంటుంది. దానినిండా మేకులు, మేకుకొక ఇత్తడి బిళ్ళ, బిళ్ళమీద నంబరు. పొద్దున్న సైరను ఆగేలోపు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసి పెట్టెలో వెయ్యాలి. పెట్టెలో బిళ్ళ ఉంటే మనిషి పనిలో ఉన్నట్టు. మనిషి కనబడినా బిళ్ళ పడకపోతే ఆ రోజు లేనట్టే. తీతు బాబాయిది నాలుగు వందల పదిహేడు. పక్క మేకు నాలుగు వందల పద్దెనిమిది నూకరాజుది. నూకరాజుకి ఇరవై ఎనిమిదేళ్ళు, పహిల్వాన్ లాంటి ఒళ్ళు, ఒంటరిగా ఉండేవాడు, తానే వండుకునేవాడు, ఏ రోజూ వేళకి లేచేవాడు కాదు. మూడేళ్ళుగా అతని బిళ్ళ కూడా తీతు బాబాయే వేసేవాడు. పక్కపక్క మేకులు కాబట్టి రెండు వేళ్ళతో ఒక్కసారే తీసేవాడు. వర్క్‌షాపులో ఇది తప్పని అందరికీ తెలుసు. చెయ్యనివాళ్ళు తక్కువ.

తొంభై నాలుగు డిసెంబరులో యూనియన్ వాళ్ళు రక్తదాన శిబిరం పెట్టారు. బెంగాలులో అదొక పండగ. మైకులో పాటలు, గుడారం, ఇచ్చినవాడికి స్టీలు డబ్బా. ప్రతి సెక్షన్ నుంచీ చీటీలు తీసి పేర్లు పంపాలి. మా బాబాయి పేరు వచ్చింది. ఆ రోజు నుంచి ఆయనకి అన్నం దిగలేదు.

"నీకేటి బాధ?" అన్నాడు నూకరాజు. "మూడేళ్ళు నా బిళ్ళ నువ్వేసినావు. నీ బిళ్ళ మీద నాను ఒక్కపాలి పడుకోనేనేటి?"

శిబిరం ఆదివారం పెట్టారు. పేర్లు రాసేది వేరే షాపు గుమాస్తా, ఇద్దరి మొహాలూ ఎరగడు. నూకరాజు నాలుగు వందల పదిహేడు, తీతు అని రాయించుకుని మంచం మీద పడుకున్నాడు. తీతు బాబాయి గుడారం వెనక నిలబడి, తన మోచేతి మడతలో దూది పెట్టుకుని, మీద పట్టీ అంటించుకున్నాడు. స్టీలు డబ్బా పట్టుకుని ఇంటికెళితే సూసన్న పిన్ని కోడిగుడ్డు ఉడకబెట్టి, పాలు కాచి ఇచ్చింది. ఆయన సిగ్గుపడుతూనే తాగాడు. ఆ దూది చూపించి రెండ్రోజులు బరువు కూడా ఎత్తలేదు.

జనవరి మొదట్లో యూనియన్ ఆఫీసు చిరునామాకి ఆయన పేర ఉత్తరం వచ్చింది. నేను మునగచెట్టు కింద కూర్చుని చదువుకుంటుంటే తెచ్చి నా పుస్తకం మీద పెట్టాడు. కవరు అప్పటికే చింపి ఉంది.

"ఏటి రాసినారో సెప్పు."

మేదినీపూర్‌లోని బ్లడ్ బ్యాంకు నుంచి. నాలుగు వాక్యాలు. మీరిచ్చిన రక్తం విషయమై మాట్లాడవలసి ఉంది, స్వయంగా రావలెను, విషయం గోప్యంగా ఉంచబడుతుంది.

"గోప్యం అంటే?"

"మూడో మనిషికి తెలియనివ్వరని."

బాబాయి నా మొహంలోకి చూశాడు. "యూనియన్ గుమాస్తా క్యాంటీన్లో పైకి సదివినాడురా. టీ తాగతా. అరవైమంది ఉన్నారు."

ఉత్తరంలో జబ్బు పేరు లేదు. అక్కర్లేదు కూడా. ఆ రోజుల్లో స్టేషన్ గోడల మీద ఎర్ర రంగుతో, ఇంగ్లీషులో నాలుగు అక్షరాల ఆ మందులేని జబ్బు గురించి రాసి ఉండేది. కింద పుర్రె బొమ్మ. రక్తం గురించి పిలిచారంటే ఇంకేమై ఉంటుందని రెండు రోజుల్లో ఊరే తేల్చేసింది.

"ఆ రక్తం నాది కాదురా," అన్నాడు బాబాయి. దూది సంగతి అప్పుడు చెప్పాడు. చెప్పి, చుట్టూ చూసి, "నూకడికి మాఘమాసంలో పెళ్ళి," అన్నాడు.

పెళ్ళికూతురి పేరు గంగాభవాని. శ్రీకాకుళం దగ్గర వాళ్ళ ఊరు. నూకరాజు ఆమె ఫోటో క్యాంటీన్లో అందరికీ చూపించాడు. పెళ్ళికి ఆరేడు వారాలుంది.

*

మేదినీపూర్‌కి నేనూ వెళ్ళాను. బస్సు కాసాయి నది వంతెన మీద ఆగిపోతే బాబాయి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు ముసలి బెంగాలీ. కుర్చీ చూపించాడు, తలుపు వేశాడు. మొదటి పరీక్ష తుది మాట కాదనీ, మళ్ళీ రక్తం తీసి చూడాలనీ హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "భయపడకండి తీతుబాబూ" అన్నాడు. ఆ రక్తం వేరేవాడిదని ఒక్క ముక్క చెబితే అక్కడితో బాబాయి సంగతి తేలిపోయేది. చెప్పలేదు. సూది చూడగానే కుర్చీలోంచి పక్కకి జారిపోయాడు. నేనూ నర్సూ పట్టుకున్నాం. తన బిళ్ళ మీద తన రక్తం ఇవ్వడం ఆయనకి అదే మొదటిసారి.

తిరుగు బస్సులో అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"సెప్తే నాను గట్టెక్కిపోతాను. ఆడో?"

"అతనికి తెలియదంటావా?"

"క్యాంటీన్లో ఉన్నాడు. గుమాస్తా సదివినపుడు నా పక్కనే ఉన్నాడు. సేతిలో గ్లాసు పెట్టీసి ఎలిపోనాడు." బస్సు దిగేటప్పుడు, "ఆడే వచ్చి సెప్తాడు. సూద్దాం," అన్నాడు.

నూకరాజు రాలేదు. వర్క్‌షాపులో దూరంగా తిరిగాడు. విచిత్రమేమిటంటే ఆ రోజు నుంచి వేళకి లేచేవాడు. తన బిళ్ళ తానే వేసుకునేవాడు.

ఇక్కడ బాబాయి చుట్టూ మెల్లిగా ఖాళీ పెరిగింది. క్యాంటీన్ వాడు ఒక ఎనామిల్ మగ్గు తెచ్చి, చెవికి తీగ కట్టి, గోడ మేకుకి తగిలించాడు. అది ఎవరిదని ఎవరూ చెప్పలేదు. ఆయనే తీసుకుని కడుక్కుని తాగాలి. చర్చిలో ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం పాత్ర ఒకరి తర్వాత ఒకరు తాగుతూ చేతులు మారుతుంటే, సంఘపెద్ద ఆర్థర్ వచ్చి చెవిలో "నువ్వు ఆఖర్న తీసుకో తమ్ముడూ, ప్రభువుకి అందరూ ఒకటే" అన్నాడు. ఇంట్లో సూసన్న పిన్ని పిల్లలతో కలిసి ముందు గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. పొద్దస్తమానం మొగుడి మీద కేకలేసే మనిషి, అరవడం మానేసింది.

పదిరోజులకి మళ్ళీ వెళ్ళాం. డాక్టరు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"మీకు ఏమీ లేదు," అన్నాడు. "ఈ రెండూ ఒక మనిషి రక్తం కాదు."

బాబాయి తల వంచుకున్నాడు.

"అతనెవరో నాకు చెప్పొద్దు. కానీ అతను ఎక్కడో తిరుగుతున్నాడు, తనకేం కాలేదనుకుంటూ. మీ ఊళ్ళోనే ఒక దీదీ ఉంది. మీ భాష మనిషే." చీటీ మీద రాసిచ్చాడు. జ్ఞానరత్నం, న్యూ సెటిల్‌మెంట్, చర్చి వెనక గది, గురువారం రెండు నుంచి అయిదు.

ఎక్కడో దూరాన ఉంటుందనుకున్న సాయం మా వీధి చివర ఉంది. ఆమె నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. గురువారం ఆ గదిలో ఏం చేస్తుందో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కుట్టు క్లాసు అనుకునేవాళ్ళం.

ఏమీ లేదన్న కాగితం బాబాయి జేబులో ఉంది. క్యాంటీన్లో పరిచేస్తే మగ్గు పోయేది. కానీ పరిస్తే అరవైమందీ అడిగే మాట ఒకటే: మరి ఆ రక్తం ఎవరిది? ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిలులో దాచాడు.

*

ఫిబ్రవరి మొదటివారంలో నూకరాజు వచ్చాడు. చేతిలో శుభలేఖ. నాలుగు మూలలా పసుపు. నేను పెరట్లో ఉన్నాను, బాబాయి సైకిలు గొలుసుకి నూనె వేస్తున్నాడు.

"ఒదినమ్మ నేదా?" అన్నాడు నూకరాజు లోపలికి చూడకుండా. శుభలేఖ సైకిలు సీటు మీద పెట్టాడు. చేతికివ్వలేదు. అది చూశాక నాకు వాడి మీద జాలి చచ్చిపోయింది.

"నూకా," అన్నాడు బాబాయి. "శిబిరం రోజు మనం బిళ్ళ మార్సుకున్నాం కదరా."

"ఏ బిళ్ళ?"

"ఒరే."

"నాకేటీ తెలీదన్నా. పేరు నీది. నంబరు నీది. కాయితంలో ఉన్నది నువ్వు." గబగబా అన్నాడు, బట్టీ పట్టినట్టు. "నన్నెందుకు లాగుతావు ఇందులోకి? పిల్లోళ్ళు బండి టిక్కెట్లు తీసీసినారు, అమ్మ కొత్త సీరలు కొనీసింది..."

"ఆ గంగాభవాని ఏటి సేసిందిరా?"

నూకరాజు గేటు తెరిచి వెళ్ళిపోయాడు. గేటు వెనక్కి వచ్చి రెండుసార్లు కొట్టుకుంది.

నేను అన్నాను, "రేపు క్యాంటీన్లో చెప్పెయ్. ఇంకా ఏం చూస్తావు?" నిజంగానే అలా అనిపించింది. పుస్తకాల్లో న్యాయం అంత తేలిక. బాబాయి గొలుసుకి నూనె పూర్తిగా వేసి, చేతులు తుడుచుకుని, "ఆ గురువారం గది కాడికి ఎల్దాం రా," అన్నాడు.

ఆ గది సండే స్కూలుది. గోడలకి నోవహు ఓడ, గొర్రెపిల్లలు. కుర్చీలు చిన్నపిల్లలవి. తీతు బాబాయి మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. జ్ఞానరత్నమ్మ ఊలు అల్లుతోంది. అల్లుతూనే వింది. బాబాయి పేరు లేకుండా అంతా చెప్పాడు.

"నువ్వొచ్చి మంచి పని సేసినావు," అంది. "ఆడి పేరు నాక్కూడా సెప్పకు. ఎందుకంటే రేపు ఆడు ఈ గుమ్మం ఎక్కితే, నాను ముందే తెలిసినట్టు సూడకూడదు."

"ఆడు రాడమ్మా. ఆడు ఒప్పుకోడు."

"ఏటికి భయం ఆడికి? సావుకా?"

"పేరుకి," అన్నాడు బాబాయి. "పేరు బయటపడితే అని."

"మరి ఆ భయం తీసే ఉపాయం నీకే తెలియాల. నాకు తెలీదు." ఆమె సూదులు ఆపింది. "ఒకటి ఇను. ఇది కప్పులోంచి, కంచంలోంచి అంటుకోదు. మీ సంఘపెద్దకి కూడా సెప్పినాను, ఇనుకోడు. ఎక్కడ అంటుకుందని ఆడిని అడక్కు. సూది మందేసిన నాటు డాక్టరు దగ్గరేమో, ఇంకెక్కడో ఏమో. అడిగితే మనిషి తలుపు ఏసుకుంటాడు."

వెళ్ళేముందు, "నీ భార్యని తీసుకురా" అంది. మరుసటి గురువారం సూసన్న పిన్ని వచ్చింది. జ్ఞానరత్నమ్మ కాగితం రెండుసార్లు తెలుగులో చదివి వినిపించింది. పిన్ని కదలకుండా కూర్చుని, హఠాత్తుగా లేచి మొగుడి వీపు మీద చరిచింది.

"దూది అంటించుకోనొచ్చి నా సేత గుడ్డు ఉడకబెట్టించుకున్నావా? సిగ్గు నేదూ!" ఆ తర్వాతే ఏడ్చింది. "మరి ఆ రక్తం ఎవులిదో?"

"అది నీ మొగుడు సెప్పడు. అడక్కు," అంది జ్ఞానరత్నమ్మ. పిన్ని అడగలేదు. చాప మాత్రం లోపలి గదిలోకి మార్చింది.

*

పెళ్ళికి పన్నెండు రోజులుందనగా తీతు బాబాయి నూకరాజు గదికి వెళ్ళాడు. నన్ను వీధిలో నిలబెట్టాడు. కిటికీ తెరిచే ఉంది.

"కొట్టడానికొచ్చినావా?" అంది నూకరాజు గొంతు.

"కాదు. నా బిళ్ళ ఇద్దామని వచ్చినాను."

లోపల మంచం కిర్రుమంది.

"ఇనరా. ఊరంతా ఆ జబ్బు నాదనే అనుకుంటన్నాది. అది ఎలాగూ పోదు. జ్ఞానరత్నమ్మ కాడ రక్తం తీస్తారు, పేరు రాయరు, నంబరు రాస్తారు. నా నంబరు సెప్పు. నాలుగు వందల పదిహేడు. ఎవడైనా సూసినా తీతుది అనుకుంటాడు. నువ్వు ఎక్కడా ఉండవు."

"నువ్వెందుకన్నా..."

"మూడేళ్ళు నువ్వు నేకపోయినా ఉన్నావని ఏసినాను కదరా. ఇది కూడా అలాగే అనుకో. కాని ఒకటే. తెలుసుకున్నాక ఆ పిల్లకి తెలీకుండా తాళి కట్టకు."

లోపలి నుంచి ఒక శబ్దం వచ్చింది. అంత పెద్ద మనిషి అలా ఏడవగలడని నేననుకోలేదు. నేను వీధి అవతలికి నడిచాను. ఆ రోజు నేను అంతకుముందు అతని గురించి అనుకున్నవన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

గురువారం ఇద్దరూ కలిసి చర్చి వెనక గదికి వెళ్ళారు. వీధిలో ఉన్నవాళ్ళు చూశారు. తీతు మందుకి వెళుతున్నాడు, పాపం నూకరాజు తోడు వెళ్ళాడు అనుకున్నారు. జ్ఞానరత్నమ్మ రక్తం తీసి, మంచు పెట్టిన ఫ్లాస్కులో పెట్టుకుని తానే మేదినీపూర్ బస్సెక్కింది. సీసా మీద నాలుగు వందల పదిహేడు.

ఫలితం వచ్చిన రోజు ఆమె అతనితో మూడు గంటలు కూర్చుంది. బయట వాన లేకుండా ఉరుములు. తలుపు తెరుచుకున్నాక నూకరాజు మెట్ల మీద కూర్చుని నన్ను అడిగాడు, "పోస్టుకార్డు ఉందా?"

గంగాభవాని తండ్రికి నేనే రాశాను, అతను చెబుతుంటే. పెళ్ళి చేసుకోను, తప్పు మీది కాదు, పిల్లది కాదు, నాలో రక్తదోషం ఉంది. ఇంకేమీ రాయనివ్వలేదు. వాళ్ళు వచ్చి తిట్టారు. అతని తల్లి అప్పలనర్సమ్మ కూడా ఊరి నుంచి వచ్చి దుమ్మెత్తి పోసింది, అదీ తీతు బాబాయి గుమ్మం ముందు, వాడి సావాసం వల్లే కొడుకు మనసు విరిగిందని. బాబాయి లోపల కూర్చుని విన్నాడు. నూకరాజు కూడా విన్నాడు, మునగచెట్టు వెనక నిలబడి. బయటికి రాలేదు. ఆ సంవత్సరమంతా ప్రతి గురువారం ఇద్దరూ ఆ చిన్న కుర్చీల్లో కూర్చున్నారు. జ్ఞానరత్నమ్మ ఏం తినాలో, దగ్గు వస్తే ఎప్పుడు రావాలో చెప్పేది. మందు ఉందని ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. నూకరాజు చొక్కాలు మెల్లిగా వదులయ్యాయి.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. మళ్ళీ చీటీలు. తర్వాతిది ఆ సాయంత్రం బాబాయి చెప్పినట్టే రాస్తున్నాను.

క్యాంటీన్లో యూనియన్ సెక్రటరీ రేకు డబ్బాలోంచి చీటీ తీశాడు. "చార్ సౌ అఠారా!" అంటే నాలుగు వందల పద్దెనిమిది, నూకరాజుది.

"ఈపాలి పహిల్వాన్ దొరికినాడ్రా!" అని ఎవడో ఈల వేశాడు. "రెండు సీసాలు తీయండి!"

నూకరాజు కూర్చున్న చోట కూర్చునే ఉన్నాడు. తీతు బాబాయి లేచాడు, ఏదో అబద్ధం చెబుదామని. జ్వరమనో, ఊరెళుతున్నాడనో. నోట్లోంచి మాట రాకముందే నూకరాజు ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నాది తీసుకోకండి," అన్నాడు. "కిందటేడు నాలుగు వందల పదిహేడు మీద పడుకున్నది నానే. ఆ రక్తం నాది. తీతన్నకి ఏటీ నేదు."

ఎవరూ తిట్టలేదు, ఎవరూ దగ్గరికి రాలేదు. బల్ల మీద నూకరాజుకి అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే పని గుర్తొచ్చినట్టు లేచారు. నెల తర్వాత బిళ్ళలు మార్చుకున్నందుకు ఇద్దరికీ చార్జిషీటు వచ్చింది. అది వేరే సంగతి.

బాబాయి మగ్గు తీసేస్తారనుకున్నాను నేను. నిజం చెబితే లోకం సర్దుకుంటుందని ఎక్కడో చదివి నమ్మిన వెధవని. మర్నాడు క్యాంటీన్ వాడు ఇంకో ఎనామిల్ మగ్గు తెచ్చి, చెవికి తీగ కట్టి, మొదటిదాని పక్క మేకుకి తగిలించాడు. రెండూ తెల్లవే, రెండింటికీ అంచు పెచ్చులూడింది.

టిఫిను వేళకి ఇద్దరూ గోడ దగ్గరికి వెళ్ళారు. టీ పోయించుకుని ఆ చివర బల్ల మీద పెట్టుకున్నారు. ఆ బల్ల మీద ఇంకెవరూ లేరు.

నూకరాజు రెండు మగ్గుల వైపూ చూశాడు. "నీది ఏదన్నా?"

"ఏదైతేనేటి," అన్నాడట తీతు బాబాయి. "సల్లారిపోతాది. తాగు."